శ్రీ 11,000 పౌండ్ల గారికి

ట్రక్కు బ్రోచరు మొదటి పేజీ నివాసి, 'గరిష్ఠ టోయింగ్ సామర్థ్యం' (అంటే ట్రక్కు లాగగల బరువు) గారికి,

డల్లాస్ శివారు నుంచి ఒక పికప్ ట్రక్కు యజమాని నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. ట్రక్కు వెనక స్ప్రింగుల సంగతి మాత్రం అడక్కండి.

మిమ్మల్ని నమ్మే ట్రావెల్ ట్రైలర్, అదే ట్రక్కు వెనక లాక్కెళ్లే చక్రాల ఇల్లు, కొన్నాను. నీళ్లు, గ్యాసు, సామాను అన్నీ నింపాక 8,600 పౌండ్లు. ఇంకా 2,400 మిగులే కదా అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. అమ్మినాయన కూడా ఢోకా లేదన్నాడు.

ఆ తర్వాతెప్పుడో డ్రైవరు తలుపు తీసినప్పుడు ఫ్రేము మీద పసుపు స్టిక్కర్ కనబడింది. మీకు చుట్టమే అనుకుంటా, కాకపోతే మీరు రంగుల పేజీలో, ఆయన తలుపు సందులో. మనుషులూ సామానూ కలిపి 1,480 పౌండ్లు దాటకూడదంటాడాయన. ట్రైలర్ ముక్కు కొక్కెం మీద మోపే బరువు కూడా ఆ లెక్కలోకే వస్తుందట. అది ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి, తగ్గితే హైవే మీద ట్రైలర్ తోక ఊపుతుంది. 13 శాతం వేసుకుంటే 1,118. దీన్ని టంగ్ వెయిట్ అంటారు, అంటే నాలుక బరువు. అమ్మినాయన నాలుకకు ఆ బాధ లేదు. బరువును ఇరుసులకు పంచే హిచ్, అంటే ఆ కొక్కెం సరంజామా, ఇంకో 100. ఇక మిగిలింది 262.

అందులో నేనే 190. మా ఆవిడ బరువు అడిగే ధైర్యం నాకు లేదు. ఆపైన పిల్లలిద్దరు, అత్తగారు, అత్తగారు వదలని టిల్టింగ్ గ్రైండర్, 20 పౌండ్ల సోనా మసూరి బస్తా.

మిమ్మల్ని తేల్చే పరీక్షలో డ్రైవరు 150 పౌండ్లు, పక్క సీటు మనిషి 150 పౌండ్లట! వెనక సీటు ఖాళీ. పిల్లల్లేని, పప్పు రుబ్బుకోని ఆ బక్కపలచని జంటకు మీరు అక్షరాలా నిజమే చెప్పారు.

చివరికి ట్రక్ స్టాపులో లారీల కాటా ఎక్కించాం. చీటీలో వెనక ఇరుసు అంకె చూసి మా ఆవిడ, "ఇప్పుడు గ్రైండర్ దింపాలా, మా అమ్మని దింపాలా?" అంది. దానికి జవాబు మీ బ్రోచరంతా వెతికినా దొరకలేదండీ.

ప్రస్తుతం ట్రక్కులో నేనొక్కణ్ణే వెళ్తున్నాను. మిగతావాళ్లు, గ్రైండరుతో సహా, వెనక కారులో వస్తున్నారు. బియ్యం బస్తాకి మాత్రం నా పక్క సీట్లో చోటు దొరికింది, బెల్టు కూడా పెట్టాను.

ఇట్లు,
మీ మాజీ భక్తుడు