నార్మలేనా సార్?

బండి సర్వీసింగుకిస్తే ఇంజన్ ఆయిల్ దగ్గర ఓ ప్రశ్న ఎదురవుతుంది. “సింథటిక్ వేయమంటారా సార్, నార్మలేనా?” ఆ ‘నార్మలేనా’లోనే ఉంది విద్యంతా. పెళ్లిలో 11 రూపాయలు చదివించినవాడి పేరు మైకులో పిలిచినట్టు పలుకుతాడు మెకానిక్. బెంచీ మీది నలుగురూ ఫోన్లు దించి మరీ చూస్తారు.

నాది 100 సీసీ బండి. పాల ప్యాకెట్లకీ ఆఫీసుకీ తప్ప ఇంకో లోకం తెలీదు. దానికి రేసుబండి నూనె పడాలట. చలిలో కిక్కు కొట్టగానే అందుకుంటుందట. పాపం, అబద్ధమేమీ కాదు. డబ్బా మీది ‘డబ్ల్యూ’ అంటే చలికాలమే. 10డబ్ల్యూ నూనెకి చలి పరీక్ష పెట్టేది మైనస్ 25 డిగ్రీల దగ్గర, 5డబ్ల్యూకి మైనస్ 30 దగ్గర. ఈ మాటలు జరుగుతున్నది మే నెల రామగుండంలో. సీటు మీద తడిగుడ్డ పరిస్తేగానీ నేను కూర్చోలేను.

తర్వాత పరీక్ష మొదలు. డిప్‌స్టిక్ లాగాడు. నూనెని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రుద్దాడు. వాసన చూశాడు. నాడి పట్టిన వైద్యుడిలా కాసేపు కళ్లు మూసుకున్నాడు. “నల్లబడింది సార్.” నల్లబడక తెల్లబడుతుందా నాయనా? మసిని తనలో పట్టి ఉంచడమే కదా దాని పని! ఇల్లు తుడిచిన గుడ్డ మాసిందని ఎవరైనా పట్టుగుడ్డ కొంటారా?

పైగా చాలా ‘సింథటిక్’ డబ్బాల్లో ఉండేదీ ముడిచమురే, హైడ్రోజన్‌తో గట్టిగా శుద్ధి చేసిందంతే. దాన్ని ఆ పేరుతో అమ్మొచ్చా అని అమెరికాలో మొబిల్, క్యాస్ట్రాల్ తగువు పడితే, 1999లో అమ్మొచ్చని తేల్చారు. టర్బో కారుకి సింథటిక్ కావాలి, వేడిని బాగా తట్టుకుంటుంది, కాదనను. నా బండి మాన్యువల్ అడిగేది మాత్రం 10డబ్ల్యూ-30, జాసో ఎంఏ (బైకు క్లచ్‌కి పనికొచ్చే నూనె అని డబ్బా మీద వేసే జపాన్ గుర్తు). క్లచ్ ఆ నూనెలోనే మునిగి ఉంటుంది గనక అది జారకూడదు, అంతే సంగతి. ఆ పుస్తకం ప్లాస్టిక్ కవరు ఇంతవరకూ ఎవరూ చింపలేదు.

నా పక్కన ఫుడ్ డెలివరీ కుర్రాడొకడు కూర్చున్నాడు. అతనిదీ నాలాంటి బండే. “ఇంజన్ సీజైతే మా బాధ్యత కాదు తమ్ముడూ” అని బెదిరించి సింథటిక్ రాశారు. సీలు తీయని డబ్బా చూపించమంటే లోపల్నుంచి మగ్గు తెచ్చారు. మగ్గు! ఎండలో పడి వాడు రోజంతా తొక్కిన సంపాదన అది. సిగ్గులేదా మీకు?

నేను నార్మలే అన్నాను. ‘కస్టమర్ సింథటిక్ వద్దన్నారు’ అని రాసి, ఆపరేషన్‌కి ముందు పెట్టించుకున్నట్టు సంతకం పెట్టమన్నారు. పెట్టాను.