650 మిల్లీమీటర్ల సాహసం

సంక్రాంతికి హైదరాబాదు నుంచి, బెంగళూరు నుంచి కోనసీమకు దిగే అల్లుళ్లను, మనవళ్లను చూసి ఇన్నాళ్లూ మురిసిపోయాం. ఇప్పుడు వాళ్లు హిమాలయాలు ఎక్కడానికి తయారైన బండ్లలో వస్తున్నారు. బండి నెత్తిన ఇనుప పంజరం, వెనక తలుపుకు అయిదో చక్రం, ముందు బంపరుకు దిగబడిన బండిని తాడుతో లాగే వించి, పక్కన ఏనుగు తొండంలా పైకి లేచిన గొట్టం. దాన్ని స్నార్కెల్ అంటారు. బానెట్టు దాకా నీళ్లు వచ్చినా ఇంజను ఊపిరి పీల్చుకోవడానికట. అమలాపురంలో పెసరట్టు తినడానికి వచ్చిన బండికి ఊపిరి ఎక్కడ ఆడకుండా పోతుందో నాకు బోధపడలేదు.

ధవళేశ్వరం దాటాక సముద్రం దాకా కొండ అన్నది లేని నేల మాది. మాకు ఎత్తు అంటే ఏటిగట్టు, మరీ ఎత్తు అంటే వంతెన. అలాంటి చోటికి, 41 డిగ్రీలకు పైబడిన వాలును కూడా మూతి తగలకుండా ఎక్కగలదని గొప్పగా చెప్పుకునే మహీంద్రా వాళ్ల థార్ వస్తుంది. వాలు ఎక్కడని అడగకండి. ఉన్నదల్లా మామగారింటి అరుగు.

పాత జీపు వంశం వేరు. 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ వాళ్లు తయారు చేసిన ఆ బండి పొడవు మూడున్నర మీటర్ల లోపే, వెడల్పు మీటరున్నర పైచిలుకు, ఇంజను 60 హార్స్‌పవర్. యుద్ధం ముగిశాక మహీంద్రా వాళ్లు దాన్ని మన దేశంలో బిగించి అమ్మారు. ఆ తర్వాత అదే వంశంలో ఎంఎం 540 జీపు వచ్చింది, కమాండర్ వచ్చింది. డెల్టాలో కాలువ లాకులు చూసుకునే ఇంజనీరు, పోలీసు, ఎన్నికల అభ్యర్థి, పెళ్లివారు అందరూ దాంట్లోనే తిరిగారు. డ్రైవరు ఒక కాలు బయట పెట్టి నడిపినా ఇంకా నలుగురికి చోటుండేది. బురద కొట్టుకుంటే గోలెం నీళ్లు లోపలే గుమ్మరించి కడిగేవారు. ఇప్పటి బండి లోపల గుమ్మరిస్తే ముందు తెర ఆరిపోతుంది, తర్వాత యజమాని మొహం ఆరిపోతుంది.

అలాగని పాత జీపు భక్తులను వెనకేసుకు రావడం లేదు. వాళ్లదో వేరే జబ్బు. పాత బండికి సైన్యం రంగు వేయించి, చుక్క గుర్తు పెట్టించి, లారీ మీద ఎక్కించి ప్రదర్శనకు తీసుకెళతారు. నూనె కారుతుంటే అది దాని స్వభావమంటారు. స్టీరింగు పావు చుట్టు తిప్పితే గాని చక్రానికి కబురు అందదు, అదీ స్వభావమే. గుద్దుకుంటే కాపాడే బెలూన్లు లేవు, బ్రేకు మాట తలుచుకోకపోవడమే మంచిది. 2020లో కొత్త థార్‌కు, బండ్లను గుద్దించి భద్రత తేల్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో నాలుగు నక్షత్రాలు వచ్చాయి. పాత దానికి ఆకాశంలో ఉన్నవే నక్షత్రాలు. ఈ మాట ఒప్పుకుని అసలు కథకు వస్తాను.

భోగి నాడు, పేరు చెప్పడానికి ఇష్టపడని ఒకానొక కాలువ గట్టు. ఒక పక్క కాలువ, రెండో పక్క దాళ్వా, అంటే రెండో పంట వరి, నాట్లు పడిన చేను. మధ్యలో దారి. ఆ దారిలో ఇటు నుంచి సాహస వాహనం, అటు నుంచి కొబ్బరికాయల లోడుతో ట్రాక్టరు. ట్రాక్టరు వెనక పాల క్యాన్ల మోటారు సైకిలు, దాని వెనక హరిదాసు. నెత్తిన అక్షయపాత్ర దించకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు కాబట్టి ఆ పరిస్థితి మీద ఆయన అభిప్రాయం లోకానికి తెలియకుండా పోయింది.

"బాబుగారూ, కొంచెం వెనక్కి తీసుకోండి" అన్నాడు ట్రాక్టరు అతను.

బాబుగారు తెర చూశాడు. తెర మీద కాలువ ఉంది, చేను ఉంది, హరిదాసు ఉన్నాడు. నాలుగు వైపులా కెమెరాలు. నాలుగు వైపులా ప్రమాదమని బండి కుయ్యి కుయ్యిమని అరుస్తోంది. దీని శక్తి దాదాపు 130 గుర్రాలని, రాళ్ల మీద కూడా పోతుందని ఆయన వివరించాడు.

"ఆయ్, అదంతా సరేనండి. వెనక్కి పోతుందా?"

పోదు. అది అవమానం. పైగా పక్క సీట్లో మిత్రుడు ఫోనులో వీడియో తీస్తున్నాడు. కాబట్టి బాబుగారు నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే మీట లాగి, దారి ఇవ్వడమనే మిషతో చేలోకి దించాడు. డెల్టా ఒండ్రుకు బండ్ల ధరలు తెలియవు. టైరు గళ్లల్లో మట్టి నిండి నున్నగా అయిపోయింది. నాలుగు చక్రాలూ ఎంతో క్రమశిక్షణతో ఒకేసారి తిరిగి, ఒకేసారి దిగబడ్డాయి. ఇక వించి వాడదామన్నారు. దానికి ఇనుప తాడు ఉంది, మోటారు ఉంది, కట్టడానికి ఆధారం కావాలి. ఉన్న ఆధారం ఒకే ఒక కొబ్బరిచెట్టు. చెట్టు కింద దాని యజమానురాలైన మామ్మగారు నిలబడి ఉన్నారు.

"చెట్టు కాపు మీద ఉంది నాయనా. దానికి కట్టకు" అన్నారామె.

కంపెనీ వాళ్లు అన్ని పరిస్థితులూ ఊహించారు గాని మామ్మగారిని ఊహించలేదు. చివరికి ట్రాక్టరు లోడు విప్పి, కొబ్బరి తాడు కట్టి లాగితే బండి బయటపడింది. వెనక రెండు చక్రాలకే శక్తి అందే ట్రాక్టరు. ఆ సాయంత్రం ఊరంతా తిరిగిన వీడియోలో బురద ఉంది, చిందులు ఉన్నాయి, వెనక హోరుమనే సంగీతం ఉంది. ట్రాక్టరు లేదు. నలిగిన నారూ లేదు. ఆ చేను కౌలు రైతుది. అతనికి ఎవరూ రూపాయి ఇవ్వలేదు, అడిగితే "పండగ పూట ఏమిటండీ" అన్నారు.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి గంగలకుర్రు అగ్రహారం ప్రభను, అంటే దేవుణ్ణి నిలిపిన ఎత్తయిన వెదురు కట్టడాన్ని, భుజాల మీద ఎత్తుకుని కౌశిక ఏటి నీళ్లలోంచి దాటించే కుర్రాళ్లకు స్నార్కెలు లేదని గుర్తు చేసి ముందుకు పోతాను.

థార్ దాటగల నీటి లోతు 650 మిల్లీమీటర్లని కంపెనీయే చెబుతుంది. అంటే మోకాలి మీద ఓ జానెడు. దాన్ని మించి ఇంజనులోకి నీళ్లు దూరితే మామూలు బీమాలో పైసా రాదు, దానికి విడిగా కవరు కట్టుకోవాలి. నీళ్లలోకి దిగుతుందని కొన్న బండిని నీళ్లలోకి దిగితే చెడుతుందేమోనని మరో కాగితం రాసుకోవడం. పైగా 2023 జనవరి నుంచి వెనక రెండు చక్రాలకే శక్తి అందే థార్ కూడా అమ్ముతున్నారు. చూడటానికి అదే పులి, అదే గర్జన. పండక్కి వచ్చే వాటిలో అవెన్నో ఎవరూ అడగరు, మర్యాద కాదు.

2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. గోదావరి లంక ఊరైన కనకాయలంకకు వెళ్లే కాజ్‌వే మునిగింది, లంకల వాళ్లు బియ్యానికీ మందులకూ పడవల మీద తిరిగారు. అక్కడ ఎవడి 650 మిల్లీమీటర్లూ పనికిరాలేదు. కాజ్‌వే మునగడం అప్పుడు కొత్త కాదు, అంతకు ముందూ వరదకల్లా మునిగిందే. నిండు గర్భిణిని వరద నీటి మధ్య పడవలోకి దింపే మనిషికి మీ సాహసం గురించి ఏం చెప్పమంటారు?

పాత జీపుకు ముందూ వెనకా బండ ఇరుసులు, కమాను పట్టీలు. దారిలో గొయ్యి పడితే ఆ వార్త నేరుగా ఇంజనీరుగారి వెన్నుపూసకు చేరేది. దరఖాస్తు అక్కర్లేదు. ఆయన నడుం పట్టుకుని దిగి గుమస్తాను పిలిచి కంకర అంచనా రాయించేవాడు, ప్రజల మీద ప్రేమతో కాదు, నడుము మీద ప్రేమతో. కొత్త బండికి ముందు చక్రాలు దేనికది విడిగా కదులుతాయి, కాయిల్ స్ప్రింగులు కుదుపును మింగేస్తాయి. లోపల చల్లగాలి. రొయ్యల లారీలు తొక్కి పాతరేసిన రోడ్డు మీద సారు నిద్రపోతూ వెళ్లిపోతున్నాడు! ఆయన వెనకే డబ్బున్నవాడూ వెళ్లిపోతున్నాడు. గొయ్యి పూడ్చమని గొంతు చించుకోవలసిన వాడు గొయ్యికి సరిపోయే చక్రం కొనుక్కుని నోరు మూసుకున్నాడు. ఇక ఆ గోతిలో మిగిలింది ఎవరు? సైకిలు మీద బడికి పోయే పిల్ల, ఆటోలో ఆసుపత్రికి పోయే ముసలాయన. వీళ్ల నడుములకు కాయిల్ స్ప్రింగులు ఎవరు వేస్తారు, సిగ్గు లేదా?

కాబట్టి నా విన్నపం ఒక్కటే. డెల్టా రోడ్ల మీద సంతకం పెట్టే అధికారిగాని, ప్రజాప్రతినిధిగాని పర్యటనకు వస్తే సఖినేటిపల్లి రేవులో ఎంఎం 540 సిద్ధంగా ఉంచాలి. మంత్రిగారిని వెనక బల్ల మీద, పక్కకు తిప్పి, చక్రం మీదుగా కూర్చోబెట్టాలి. దిండు ఇవ్వకూడదు. రోడ్డు వేసిన కాంట్రాక్టరుకు లోపల చోటు ఉండదు. వెనక అయిదో చక్రం ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని వేలాడుతూ వస్తాడు.