తోక ఎత్తే హక్కు

సమానత్వం మీద ఉపన్యాసాలు దంచేవారిని ఓ నెలపాటు రీసస్ కోతుల గుంపులో వదిలిపెట్టాలి. అక్కడ ఎవరి హద్దు ఏమిటో పాలు మరిచిన ప్రతి పిల్లకూ తెలుసు. హోదా గల కోతి తోక ఎత్తుకుని వస్తుంటే లేనిది లేచి జాగా ఇస్తుంది. లేవకపోతే, కనీసం పళ్ళికిలిస్తుంది. అది నవ్వు కాదు, 'చిత్తం' అనడం. పెద్దల చప్పిడి జోకులకు సభలు ఎందుకు గొల్లుమంటాయో ఇప్పుడు అర్థమైంది కదా.

ఈ హోదా ప్రతిభతో వస్తుందని మాత్రం అనకండి, కోతులు నొచ్చుకుంటాయి. ఆడకోతికి తల్లి స్థానమే ఆస్తి. తల్లి తర్వాతి మెట్టు కూతురిది. అక్కచెల్లెళ్ళలో సాధారణంగా చిన్నదే పైచేయి, అమ్మ వెనకేసుకొచ్చేది దాన్నే కనుక. పెద్దింటి పసికూన గుర్రుమంటే, దానికి నాలుగింతలున్న కోతి చేతిలోని పండు వదిలి తప్పుకుంటుంది. ఆ భయం కూనను చూసి కాదు, కాస్త అవతల కూర్చున్న దాని అమ్మను చూసి. మగవాటికి ఈ సౌకర్యం లేదు. పుట్టిన గుంపు వదిలి, పరాయి గుంపులో అట్టడుగున చేరి, సీనియారిటీ కొద్దీ పైకి రావాలి.

కిందిస్థాయి కోతి భోజనం చూసి తీరాలి. దొరికింది గబగబా బుగ్గల సంచుల్లో కుక్కుకుని దూరంగా పోతుంది. అక్కడ చేతి వెనకవైపుతో బుగ్గ నొక్కుకుంటూ, నాలుగు దిక్కులూ చూస్తూ, కొంచెం కొంచెంగా నములుతుంది. తిన్నాక పెద్దవారికి పేలు చూడాలి. అలా చూస్తే రేపు తిండి దగ్గర కాస్త ఓర్చుకుంటారేమోనని ఆశ.

ఇంత చక్కని ఏర్పాటును చెడగొట్టడానికి శాస్త్రవేత్తలు తయారు. 2016లో వెలువడిన ఓ పరిశోధన కోసం 45 ఆడ రీసస్ కోతులను ఐదేసి చొప్పున, ఒకదాని తర్వాత ఒకటిగా గుంపుల్లో చేర్చారు. ముందొచ్చినవి పెద్దలయ్యాయి, వెనకొచ్చినవి చిన్నలయ్యాయి. గుంపులు కలగలిపి స్థానాలు మార్చితే, రోగనిరోధక కణాల్లో జన్యువుల తీరే మారింది. కిందికి జారినవాటిలో వాపు పుట్టించే జన్యువులు చెలరేగాయి. నలతగా ఉన్నారు కనుకే కింద ఉన్నారన్న మన చల్లని సిద్ధాంతం ఇక ఎవరికి చెప్పుకోవాలి? వీరికి నిధులెవరు ఇస్తున్నారో ఆరా తీయాలి.

కెన్యాలోని అంబోసెలిలో ఉండే బాబూన్ జాతి కోతుల్లో రెండో స్థానంలోని మగదానికన్నా అగ్రనాయకుడికే ఒత్తిడి హార్మోన్లు ఎక్కువని 2011లో తేల్చారు. త్యాగమూర్తి! అయినా కుర్చీ దిగడు.

అసలు ఘోరం ప్యూర్టోరికో పక్కనున్న కాయో శాంటియాగో దీవిలో జరిగింది. 1938లో భారతదేశం నుంచి తరలించిన రీసస్ కోతుల సంతతి అక్కడ తరతరాలుగా హోదా మర్యాదలు కాపాడుకుంటూ వచ్చింది. 2017లో మరియా తుపాను చెట్లను ఊడ్చేసింది. ఎండ మండిపోతుంటే, మిగిలిన పిసరంత నీడలో కోతులు పక్కపక్కనే సర్దుకుని కూర్చున్నాయి. కొట్లాటలు తగ్గాయి. అలా సర్దుకున్నవాటికే బతికే అవకాశం పెరిగిందని కూడా తర్వాత లెక్క తేలింది.

ఈ పోకడ పక్క గుంపులకు పాకక ముందే ఆ దీవిలో యుద్ధప్రాతిపదికన చెట్లు నాటాలి. మొదటి చెట్టు, చెప్పనక్కర్లేదు, రాణిగారి చిన్నకూతురికి.