ఇంజినీరింగ్‌లో చేరుతున్నవారికి కొన్ని పఠనీయ గ్రంథాలు

కౌన్సెలింగ్ ముగిసి, కన్వీనర్ కోటాలో సీటు ఖరారై, ఫీజు రసీదు చేతికొచ్చిన ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు వినబడుతున్న ప్రశ్న, పిల్లవాడికి ఏయే పుస్తకాలు కొనాలన్నది. ఇంటర్ రెండేళ్లూ కళాశాలవారు ఇచ్చిన మెటీరియల్ తప్ప మరో అచ్చు కాగితాన్ని ఇంట్లోకి రానివ్వని తల్లిదండ్రులు ఇంత గంభీరమైన ప్రశ్న వేయడం అభినందనీయం. సిలబస్ ప్రతిలో ఒక్కో సబ్జెక్టు కింద టెక్స్ట్ బుక్స్, రిఫరెన్స్ బుక్స్ అని రెండు జాబితాలు ఉంటాయి గానీ, వాటిని పెళ్లి శుభలేఖలో ‘బంధుమిత్రుల అభినందనలతో’ అన్న పంక్తిలాగే చూడాలి. అది లేనిదే శుభలేఖ అచ్చుకు పోదు, ఉన్నంత మాత్రాన ఎవరూ చదవరు. అందువల్ల విద్యార్థులు నిజంగా చదివే గ్రంథాలను మాత్రమే సిఫారసు చేయడం నా బాధ్యతగా భావిస్తున్నాను.

అగ్రతాంబూలం స్పైరల్ బైండింగ్ గ్రంథానిది. దీనికి రచయిత పేరుండదు, ప్రచురణ సంవత్సరం ఉండదు. పైన పారదర్శకమైన ప్లాస్టిక్ అట్ట, అడుగున నీలం అట్ట, మధ్యలో ఏనాటి బ్యాచ్‌లోనో ముత్యాల్లాంటి దస్తూరీ గల ఒక అమ్మాయి శ్రద్ధగా రాసుకున్న నోట్సు ఉంటాయి. జిరాక్సుకు జిరాక్సు తీస్తూ వచ్చినందువల్ల కుడి అంచున ఉండవలసిన రెండు మూడు అక్షరాలను యంత్రం ఎన్నడో మింగేసింది గనుక, ప్రతి పంక్తి చివరా విద్యార్థి తన ఊహాశక్తిని వినియోగించక తప్పదు. మన ఇంజినీరింగ్ విద్యలో సృజనకు చోటు లేదని వాపోయే మేధావులు ఆ అంచును ఒక్కసారి పరిశీలించాలని మనవి. మొదటి మిడ్ పరీక్షకు రెండున్నర యూనిట్లే కాబట్టి మూడో యూనిట్ నడిమధ్యన ఒక పేజీ మడత పెట్టి ఉంటుంది. ఆ మడతకు అవతలున్న జ్ఞానం రెండో మిడ్ వచ్చేదాకా నిషిద్ధం.

ఇక్కడ గ్రంథాలయాభిమానులు నొచ్చుకోవచ్చు. వారికి నా సమాధానం గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారి ద్వారానే ఇస్తాను. పుస్తకాలు వాడుక కోసమే, ప్రతి పాఠకునికీ తన పుస్తకం దొరకాలి, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు దొరకాలి, పాఠకుని కాలం ఆదా కావాలి, గ్రంథాలయం పెరిగే జీవి అని ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో పంచసూత్రాలు ప్రతిపాదించారు. కళాశాల గ్రంథాలయంలో పుస్తకాలు తాళం వేసిన అద్దాల బీరువాల్లో తనిఖీ బృందం కోసం నిరీక్షిస్తుండగా, గేటు ఎదుటి జిరాక్స్ సెంటర్ ఈ ఐదు సూత్రాలనూ అక్షరాలా పాటిస్తున్నది. విద్యార్థి నోరు తెరిచి బ్రాంచి పేరు, సెమిస్టర్ చెప్పేలోగా కావలసిన నకలు బల్లమీద పడుతుంది. పాఠకుని కాలం ఇంతకన్నా ఆదా చేయడం మానవమాత్రులకు సాధ్యం కాదు. ఇక పెరుగుదల సంగతి చెప్పనే అక్కర్లేదు. మెట్ల కింద ఒక్క యంత్రంతో మొదలై లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు, రీచార్జి, చివరకు చాయ్ దాకా విస్తరించిన గ్రంథాలయాన్ని ఆ మహానుభావుడు కూడా ఊహించి ఉండరు.

చట్టపరమైన భయం ఉన్నవారికి ఒక మాట. ఢిల్లీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని ఒక జిరాక్స్ దుకాణంపై 2012లో మూడు విదేశీ ప్రచురణ సంస్థలు దావా వేయగా, బోధన కోసం పుస్తక భాగాలకు నకళ్లు తీసుకోవడానికి కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ వీలిస్తున్నదని ఢిల్లీ హైకోర్టు 2016లో ఆ దావాను కొట్టివేసింది. మనవాళ్లకు ఆ తీర్పుతో కూడా పనిలేదు. అక్కడివారు పుస్తకాలకు జిరాక్సులు తీశారు కనుక వివాదం వచ్చింది. మన పిల్లలు పుస్తకం జోలికే పోరు కనుక ఏ ప్రచురణకర్తకూ వీసమెత్తు నష్టం లేదు.

రెండో గ్రంథం సీనియర్ గారి ల్యాబ్ రికార్డు. తాళపత్రాలను ముందేసుకుని పాఠాంతరాలతో కుస్తీ పట్టిన మన పూర్వ పరిష్కర్తలు దీన్ని చూసి ఉంటే అసూయపడేవారు, ఎందుకంటే పది బ్యాచ్‌ల ప్రతులను పక్కపక్కన పెట్టినా ఒక్క పాఠభేదం కనబడదు. టార్షనల్ పెండ్యులం ప్రయోగంలో మూలప్రతిపై టీ మరక పడి 3 అంకె 8గా కనబడిందంటే, తరువాతి వారంతా ఆ 8నే కొలుస్తారు, లోలకం ఎంత మొత్తుకున్నా సరే. గ్రాఫు విషయంలో కూడా సంప్రదాయం స్థిరంగా ఉంది: ముందు స్కేలు పెట్టి సరళరేఖ గీస్తారు, తరువాత దానిమీద తగినంత దూరాల్లో బిందువులు పెడతారు. ప్రకృతి ఇంత క్రమశిక్షణగా ప్రవర్తించడం మరే ప్రయోగశాలలోనూ చూడలేము.

సొంతంగా కొనవలసిన లావుపాటి పుస్తకం ఏదైనా ఉందా అంటే, గణితానికి బి.ఎస్. గ్రేవాల్ గారి గ్రంథం చాలును. వెయ్యి పేజీలు దాటిన ఆ పుస్తకం హాస్టల్ గదిలో టేబుల్ ఫ్యానుకు సరైన ఎత్తునిస్తుంది. మిగిలినవాటికి హైదరాబాద్ కోఠి వెళ్లి ఆల్ ఇన్ వన్ తెచ్చుకోవచ్చు, కానీ అట్టమీద ఆర్18, ఆర్22 లాంటి రెగ్యులేషన్ ముద్రల్లో (ఏ ఏటి సిలబసో చెప్పేవి అవే) తమది ఉందో లేదో చూసుకోవాలి. న్యూటన్ నియమాలు రెగ్యులేషన్‌తోపాటు మారతాయని అన్నయ్య పుస్తకం తమ్ముడికి పనికిరాకుండా పోయినప్పుడే మనకు తెలిసింది. అన్నట్టు, 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం ఆ పక్కనే సుల్తాన్ బజార్‌లో ఉంది. బిట్ బ్యాంకు కోసం వెళ్లిన పిల్లలు దారితప్పి అందులోకి ప్రవేశించకుండా తల్లిదండ్రులు వెంట ఉండడం మంచిది.

తెలుగు పుస్తకాలను మాత్రం ససేమిరా సిఫారసు చేయలేను. 2021లో ప్రాంతీయ భాషల్లో ఇంజినీరింగ్ బోధనకు అనుమతి వచ్చింది, అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) తెలుగులో కూడా పాఠ్యగ్రంథాలు సిద్ధం చేయించింది. వాటివల్ల విషయం అర్థమయ్యే ప్రమాదం ఉంది. అర్థమైన విషయాన్ని సొంతమాటల్లో రాయాలనిపిస్తుంది, సొంతమాటల్లో రాస్తే పేపరు దిద్దేవారికి మార్కుల స్కీములో ఉన్న కీలక పదాలు దొరకవు, దొరకకపోతే సప్లీ తప్పదు. తెలిసి తెలిసి ఎవరి పిల్లలనూ నేను ఆ దారి పట్టించను.

నిజానికి మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదవవలసిన పుస్తకం ఒక్కటే, అది కళాశాల రెగ్యులేషన్ల పుస్తకం. హాజరు 75 శాతం ఉండాలని, 65 దాకా తగ్గితే తగిన కారణం చూపి కాండొనేషన్ ఫీజు కట్టుకోవచ్చని, అంతకన్నా తగ్గితే డిటెయిన్ అవుతారని జేఎన్టీయూ హైదరాబాద్ నిబంధనలు ఎంతో సరళంగా చెబుతాయి. దీన్ని ఎవరూ ప్రారంభంలో చదవరు. సెమిస్టర్ చివరి వారంలో, డాక్టరు సర్టిఫికెట్ ఏ తేదీతో తెచ్చుకోవాలో తెలుసుకోవడానికి మాత్రం తరగతి మొత్తం కలిసి పారాయణ చేస్తుంది.

గ్రంథాలయం ఏ బ్లాకులో ఉందని కొందరు పిల్లలు ముందుగానే ఆరా తీస్తున్నారట. అంత తొందర అవసరం లేదు. నాలుగో ఏడు చివర నో డ్యూస్ ఫారం మీద లైబ్రేరియన్ సంతకానికి ఎలాగూ వెళ్లవలసి ఉంటుంది, అప్పుడు జిరాక్స్ సెంటర్‌లో అడిగితే దారి చెబుతారు.