హెపటైటిస్ బి, సి లను ఒకే గాటన కట్టొద్దు

మైక్రోఆర్‌ఎన్‌ఏ-122 (జన్యువుల పనిని అదుపు చేసే ఓ చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క) లివర్‌లో చేరే వైరస్‌లకు తోడ్పడుతుందని హెపటైటిస్ మీద వచ్చిన వ్యాసంలో రాశారు. అది హెపటైటిస్ సి వరకే నిజం. సి వైరస్ ఆర్‌ఎన్‌ఏకు ఇది నేరుగా అతుక్కుని, దాన్ని చెడిపోకుండా కాపాడుతుంది. బి దగ్గరికి వచ్చేసరికి వ్యవహారం తలకిందులు. దీర్ఘకాలంగా బి ఉన్నవాళ్ల లివర్‌లో ఈ 122 తగ్గుతుంది. అది తగ్గితే సైక్లిన్ జి1 అనే ప్రోటీన్ పెరుగుతుంది, దాంతో వైరస్‌ను అదుపు చేసే పి53 అనే ఇంకో ప్రోటీన్ మందగిస్తుంది, వైరస్ ఇంకా జోరుగా పెరుగుతుంది. లివర్ కణాల్లోని మైక్రోఆర్‌ఎన్‌ఏల్లో సుమారు 70 శాతం ఇదొక్కటే, కాబట్టి ఇది చిన్న తేడా కాదు.

ఇంకో విషయం. ఇక్కడ చెన్నైలో మన తెలుగువాళ్లు కూడా హెపటైటిస్ బి పాజిటివ్ అనగానే టెన్షన్ పడి నేల ఉసిరి రసం మొదలుపెడతారు. దాని మీద ఆశ పెంచిన అధ్యయనం 1988లో మద్రాసు నుంచే లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది, నిజమే. కానీ తర్వాతి పరీక్షల్లో ఆ ఫలితం నిలవలేదు. మా చిన్నాన్న ఆ రసాన్ని నమ్ముకుని హెపటైటిస్ బి మాత్ర టెనోఫోవిర్ ఆపేశారు, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ మోతాదు) మళ్లీ పెరిగింది. వైరస్ డీఎన్‌ఏ కణ కేంద్రకంలోనే దాగి ఉంటుంది. మాత్ర దాన్ని అణచి ఉంచుతుందే గానీ తుడిచేయదు. డాక్టర్‌ని అడగకుండా దయచేసి ఎవరూ ఆపకండి. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేయించాల్సిన హెపటైటిస్ బి టీకా గురించి కూడా వ్యాసంలో రాయాల్సింది.