మహారాజశ్రీ 415 గారి సముఖానికి

మహారాజశ్రీ 415 హెర్ట్జ్ గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. ఇక్కడ అందరం క్షేమం. తమరు కూడా 415 దగ్గరే క్షేమంగా ఉన్నారని, ఒపేరా (పాటల నాటకం) రెండో అంకంలో ఒబోలు (సన్నాయి లాంటి కొయ్య ఊదువాద్యాలు) అందుకునేదాకా, ప్రతి వేసవీ నమ్ముతూనే ఉన్నాం.

తమరెవరో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. మన కచేరీలో గాయకుడి గొంతుకు ఏది హాయిగా ఉంటే అదే శ్రుతి. ఒకరిది ఒకటిన్నర, ఇంకొకరిది ఐదు. తంబురా దానికే ఒదుగుతుంది. యూరప్ వాద్యబృందానికి ఆ వెసులుబాటు లేదు. కూర్చున్న వాళ్లందరూ ఒకే 'ఏ' స్వరానికి కట్టుబడాలి. నేటి సింఫనీల్లో అది సెకనుకు 440 కంపనాలు, 1939లో లండన్‌లో కూర్చుని తేల్చుకున్న లెక్క. బరోక్ (పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల సంగీతం) వాళ్లకు మాత్రం అరస్వరం కిందికి దిగి, తమరు.

ఎండలు ముదరగానే మీ ఊరేగింపు మొదలవుతుంది. జులైలో ఫ్రాన్స్‌లోని బోన్, ఆగస్టులో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్. ఈ ఉత్సవాల కరపత్రాల్లో కనిపించే మాట ఒకటే: ఆ కాలపు వాద్యాలు, ఆ కాలపు శ్రుతి. వాద్యాల సంగతి ఒప్పుకుంటాం. శ్రుతి మాత్రం ఏ ఊరిది స్వామీ?

లండన్‌లో ఉన్న స్వరకర్త హ్యాండెల్‌దని చెప్పే 1751 నాటి శ్రుతిదండం (ట్యూనింగ్ ఫోర్క్) 422.5 పలుకుతుంది. వివాల్డీ ఉన్న వెనిస్ శ్రుతి ఇప్పటి 440కి దగ్గర. పారిస్ ఒపేరాలో 392 దరిదాపు, రోమ్ కూడా దిగువే. జర్మనీలోనైతే చర్చి ఆర్గాన్‌ది ఒక ఎత్తు, మిగతా వాద్యాలది ఒక ఎత్తు. లైప్‌జిగ్‌లో బాఖ్ ఆర్గాన్ వాయించేవాడి కాగితాన్ని ఒక పూర్తి స్వరం కిందికి దించి రాయించుకున్నాడు, లేకపోతే ఎవరి పాట వాళ్లదే. ఈ గుంపులో మీరు అచ్చంగా లేరని అనం. జర్మన్ల కామర్‌టోన్‌కు (ఆర్గాన్ కాని వాద్యాల శ్రుతికి) దగ్గరి చుట్టమే. కానీ ఒక జర్మన్ చుట్టం వెనిస్ పెళ్లిలోనూ లండన్ పెళ్లిలోనూ పెళ్లిపెద్దగా కూర్చోవడం ఎలా కుదిరింది?

మీ పెద్దరికానికి అసలు పునాది పద్దెనిమిదో శతాబ్దం కాదు, ఒక చెక్కముక్క. నేటి హార్ప్సికార్డ్‌లో (పియానోలాంటిదే, కాకపోతే తీగల్ని మీటుతుంది) మెట్ల (కీల) వరుస మొత్తం పక్కకు జరుగుతుంది. చివర ఉన్న చిన్న చెక్క తీసి అటు పెడితే ప్రతి మెట్టూ పక్క తీగను మీటుతుంది. 415 కాస్తా 440 అవుతుంది. ఇంకో గడి ఉంటే 392. అంటే మీ విలువ పాత గ్రంథాల్లోంచి కాదు, 440 నుంచి అరస్వరం లెక్కగట్టి తీసింది. 422.5కి ఆ పెట్టెలో గడి లేదు. కాబట్టి ఉత్సవంలో హ్యాండెల్ పాట హ్యాండెల్ శ్రుతిలో ఉండదు. ఒబో వాయించేవాడి బాధా అదే: తీగను బిగించవచ్చు, దించవచ్చు, కొయ్యగొట్టం పొడవు మారదు. ఊరికో ఒబో కొనేంత పారితోషికం ఎవరూ ఇవ్వరు. నిజం చెప్పాలంటే మీ ప్రామాణికత సంచీలో ఒబో ఒకటే ఉన్నందువల్ల వచ్చింది.

ఆ చెక్కముక్కకో పేచీ కూడా ఉంది. వలోట్టి అనే పద్ధతిలో తీగల్ని మేళవించేటప్పుడు 12 పంచమాల్లో ఆరింటిని కాస్త కుదించి, మిగతా ఆరింటిని శుద్ధంగా వదిలేస్తారు. అందువల్ల 'సి', 'జి' ఆధారంగా వాయిస్తే తీయగా, 'ఎఫ్ షార్ప్' ఆధారంగా వాయిస్తే కారంగా వస్తుంది. ఆ రుచి తీగల్లో ఉంటుంది, మెట్లలో కాదు. మెట్లు ఒక గడి జరిపారంటే తీపి ఉండాల్సిన చోట కారం పడుతుంది. మళ్లీ మొదటినుంచి మేళవించాలి. ఈ సంగతి మరచిపోయిన నిర్వాహకుడే "ఐదు నిమిషాల్లో మార్చెయ్యరాదూ?" అంటాడు.

ఇక తమరిని ఆరుబయట నిలబెట్టడం. బోన్‌లో ఒపేరా జరిగేది ఆసుపత్రి ప్రాంగణంలో. 1443లో పేద రోగుల కోసం స్థాపించిన భవనం, రంగురంగుల పెంకుల కప్పు. ఈ వాద్యాలకు అంతకన్నా తగిన చోటు దొరకదు. వాన సూచన ఉంటే అందరూ దగ్గర్లోని నోత్ర్ దామ్ బసిలికాకు మారతారు. మనుషులు పది నిమిషాల్లో మారతారు. హార్ప్సికార్డ్ తీగల కింది చెక్కపలక కొత్త చోటి గాలికి సర్దుకోవడానికి గంటలు పడుతుంది.

ఆరుబయట రాత్రి జరిగేది ఇదీ. మొదటి అంకానికి ఇంకా వెలుతురు, వెచ్చదనం. తర్వాత చలి దిగుతుంది. హార్ప్సికార్డ్ ఇనుప, ఇత్తడి తీగలు చల్లబడి కుంచించుకుంటాయి, శ్రుతి పైకి. గాలిలో తేమ పెరిగేకొద్దీ పల్చటి స్ప్రూస్ చెక్కపలక ఉబ్బి తీగల్ని ఇంకాస్త లాగుతుంది, మళ్లీ పైకే. అదే చలిలో ఒబో, రికార్డర్ (వేణువు లాంటి వాద్యం) కిందికి దిగుతాయి, డిగ్రీకి సుమారు మూడు సెంట్ల చొప్పున. (అరస్వరానికి 100 సెంట్లు.) గొట్టంలో గాలి 8 డిగ్రీలు చల్లబడితే తమరు 409 దగ్గర తేలతారు. ఊపిరి తగిలాక కొంత కోలుకుంటారు గానీ, చాలాసేపు ఖాళీగా కూర్చున్న ఒబో మొదటి స్వరం మాత్రం నూతిలోంచి వస్తుంది. ఒకరు మేడెక్కుతూ, ఒకరు మెట్లు దిగుతూ, ఇద్దరూ మీ పేరే చెబుతారు.

దీన్ని సర్దేవాడు మేళవింపుదారు. పెద్ద ఫ్రెంచి వాద్యంలో 61 మెట్లు, మూడు వరుసల తీగలు, మొత్తం 183. ముందు నడిమి స్థాయిలో 12 స్వరాలు, అక్కణ్నుంచి పై స్థాయిలు, కింది స్థాయిలు. ఆ పైన రెండో వరుసను మొదటిదానితో కలపాలి, చివర్లో పొట్టి తీగల వరుస. అరగంట పైనే పని. విరామం అంతకంటే తక్కువ. కాబట్టి పొట్టి వరుసను వాడకుండా ఆపేసి, మిగతా రెంటిలో చెవిని పొడిచే స్వరాలు మాత్రమే సరిచేస్తారు. చీకట్లో తాళంచెవి పక్క మేకు మీద పడితే, తిప్పుతుంటే చెవిలో ఏ మార్పూ వినిపించదు. వినిపించలేదని ఇంకాస్త తిప్పుతారు. ఠప్‌మని తెగేది ఆ పక్క తీగే.

థియోర్బో (పొడుగు మెడ ల్యూట్, వేళ్లతో మీటే తంతివాద్యం) గారి గురించి ఎంత తక్కువ చెబితే అంత మర్యాద. మనిషంత పొడవు, సాధారణంగా 14 తంతులు. మెడ మీద మెట్లు సైతం పేగుతోనే కట్టినవి. పొడుగు మంద్ర తంతులను వేళ్లతో నొక్కలేరు. ఆరియా (ఒపేరాలో ఒక్కరు పాడే పాట) శ్రుతి మారిందంటే 'ఎఫ్'ను 'ఎఫ్ షార్ప్'కు బిరడా తిప్పే ఎక్కించాలి. ఎనభై ఏళ్లు బతికిన ల్యూట్ వాద్యగాడు అరవై ఏళ్లు శ్రుతి చేస్తూనే గడిపి ఉంటాడని మాటెజోన్ అనే జర్మన్ 1713లోనే వెక్కిరించాడు. పైగా డ కాపో ఆరియాలో మొదటి భాగం మళ్లీ రావాలి. తప్పిన శ్రుతి కూడా మళ్లీ వస్తుంది, ఈసారి గమకాలతో సహా.

మొత్తం మీద ఏమీ పట్టనట్టు మెరిసేది సహజ ట్రంపెట్. మీటలు లేవు, పాతకాలం నిలువెత్తు రూపం అంటారు. దగ్గరికెళ్లి చూస్తే చాలాసార్లు గొట్టానికి మూడో నాలుగో బెజ్జాలు. గొట్టం సహజంగా పలికే వరుసలో 11వ, 13వ స్వరాలు అటూ ఇటూ కాకుండా పలుకుతాయి గనుక ఇరవయ్యో శతాబ్దంలో పెట్టిన సదుపాయం. కరపత్రంలో ఆ బెజ్జాలకు చోటు ఉండదు.

కాబట్టి తమకు విన్నపం. రాజీనామా చెయ్యమనడం లేదు. మీరు పోతే రేపటి రిహార్సల్‌కు ఎవరు ఏ ఒబో తేవాలో తేలదు. "ఆ కాలపు శ్రుతి" అన్న బిరుదు మాత్రం దించి, "అందరికీ కుదిరిన శ్రుతి" అని వేయించుకోండి. అచ్చు ఖర్చు అంతే.

ఇట్లు,
తమ ఏలుబడిలోని శ్రోతలు

తా.క.: స్టాండ్లకు బట్టల క్లిప్పులు ఈసారి ఒక్కొక్కరికి నాలుగేసి పంపించగలరు. రెండేసి అయితే గాలికి కాగితం మధ్యలో లేచి, చెలో భాగం వెళ్లి వయోలా ఒళ్లో పడుతుంది.