తల వాలినంత మాత్రాన ఆశ వదులుకోవద్దు

ఉన్నట్టుండి తల పక్కకు వాల్చి తూలిపడే పిల్లిని చూసి పక్షవాతమనుకుని చాలామంది ఆశ వదులుకుంటారని పిల్లుల్లో వచ్చే ఈ సమస్య గురించి ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో రాశారు. నిజమే. మా పిల్లికి అలా అయినప్పుడు ఇరుగుపొరుగు వారంతా అదే మాట అన్నారు. మా పిల్లికి వచ్చింది ఒంటిని తూలకుండా నిలిపే లోపలి చెవి సమస్య. కారణం తెలియకుండా వచ్చే రకమైతే సాధారణంగా మూడు రోజుల్లోనే కుదుటపడటం మొదలై, 2, 3 వారాల్లో చాలావరకు తేరుకుంటుంది. ఇన్ఫెక్షన్ లాంటిది ఉంటే చికిత్స తప్పదు కాబట్టి ముందు పశువైద్యుడికి చూపించాలి.

వ్యాసంలో లేని సంగతి ఒకటి చెబుతాను. రాత్రిపూట చిన్న లైటు వెలిగించి ఉంచండి. చెవి మీద ఆధారపడలేని పిల్లి కళ్లనే నమ్ముకుని నిలదొక్కుకుంటుంది. చీకట్లో ఆ ఆసరా కూడా పోతుంది. నున్నటి గచ్చు మీద గోనెపట్టా పరిచాక మా పిల్లి గోళ్లకు పట్టు దొరికింది. ఒళ్లు గోడకు ఆనించుకుని, నాలుగడుగులు వేసి, ఆగి, మళ్లీ కదిలేది. ముద్ద నోటి దగ్గర పెడితేనే తినేది. ముద్దొచ్చినా ఊరికే ఎత్తుకోకండి, కాళ్లు నేల విడవగానే భయంతో గిలగిల్లాడిపోతుంది.

ఇంట్లో ఉన్న చెవి చుక్కలు మాత్రం దయచేసి వేయకండి. కర్ణభేరికి చిల్లు ఉంటే కొన్ని మందులు లోపలి చెవిని ఇంకా దెబ్బతీస్తాయి.